తాళాలు ఎవరు తీసుకుంటారు?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము దక్షిణ జార్జియాలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. మావారు ఫార్మసిస్టు. ఇక్కడ తెలుగువాళ్లం నాలుగు కుటుంబాలం. మా అమ్మాయి ఐదో తరగతి నుంచి 4-ఎచ్ అనే పిల్లల క్లబ్‌కి వెళ్తోంది, ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. ఒక నల్లజాతి పెద్దాయన చర్చి వెనక హాలు తాళం తీసి, గురువారం సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి కోళ్ల పెంపకం, గుడ్ల నాణ్యత, తోటపని నేర్పిస్తారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. నోరు విప్పని మా పిల్ల ఇవాళ మైకు పట్టుకుని మాట్లాడుతోందంటే ఆయన చలవే. ఆయనకిప్పుడు 79 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో వచ్చే నెల నుంచి మానేస్తున్నారు. చర్చివాళ్లూ పాత విద్యార్థులూ కలిసి సన్మానం పెడుతున్నారు. మా నాలుగు కుటుంబాల తరఫున శాలువా కప్పి మొమెంటో ఇద్దామనుకుంటున్నాం. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మావారేమో "మనం నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం, నలుపు తెలుపు సంగతులు ఎత్తకు, థ్యాంక్స్ చెప్పి దిగిపో" అంటున్నారు. నేను ఏం మాట్లాడాలి? ఇంకేమైనా చేయాలా?
— ఒక తల్లి, జార్జియా

జవాబు: మాట్లాడండమ్మా. ఇచ్చిన ఐదు నిమిషాలూ మాట్లాడండి. ఆయన మహానుభావుడనీ, నిస్వార్థంగా సేవ చేశారనీ ఆ రోజు ఎలాగూ పదిమంది అంటారు. మీరు మాత్రం కోళ్ల గురించి మాట్లాడండి.

నేను దక్షిణాది రాష్ట్రాల్లో వ్యవసాయ ఎక్స్‌టెన్షన్ ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఎక్స్‌టెన్షన్ అంటే విశ్వవిద్యాలయాల నుంచి సాగు మెళకువల్ని పల్లెలకి చేరవేసే సేవ, 4-ఎచ్ క్లబ్బులు దాని కిందివే. పిల్లల పౌల్ట్రీ జడ్జింగ్ పోటీలు దగ్గరుండి చూశాను. బ్రాయిలర్ కోళ్ల ఉత్పత్తిలో అమెరికాలో ముందున్న రాష్ట్రం జార్జియా, కాబట్టి అక్కడ ఈ పోటీ ఆషామాషీ వ్యవహారం కాదు. తెలియని పాఠకుల కోసం కాస్త చెబుతాను. నాలుగు బోనుల్లో నాలుగు పెట్టల్ని పెడతారు. ఇన్నాళ్లూ ఏది ఎక్కువ గుడ్లు పెట్టిందో, ఏది తక్కువ పెట్టిందో పిల్లలు చూసి వరస చెప్పాలి. పసుపు చర్మం ఉన్న జాతి పెట్ట గుడ్లు పెడుతున్నకొద్దీ దాని ఒంట్లో పసుపు రంగు తగ్గుతూ వస్తుంది. ముందు గుడ్డు వచ్చే ద్వారం చుట్టూ పాలిపోతుంది. తర్వాత కంటి చుట్టూ, చెవి తమ్మె, ఆ తర్వాత ముక్కు. కాళ్లు అన్నిటికంటే చివర. కాళ్లు కూడా తెల్లబడ్డాయంటే ఆ పెట్ట చాలాకాలంగా గుడ్లు పెడుతోందన్నమాట. ఆ పైన పెట్టని సరిగ్గా పట్టుకుని, తోక కింద కటి ఎముకల మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడాలి. కోడి గోల పెడుతుంది, రెక్కలు కొడుతుంది. పిల్ల వదలకూడదు, కోడికి నొప్పీ తగలకూడదు.

ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. జడ్జి ఎదురుగా నిలబడి, ఆయన కళ్లలోకి చూస్తూ "రెండో పెట్టని మూడో పెట్ట కంటే ముందు పెట్టాను, ఎందుకంటే..." అని కారణాలు చెప్పాలి. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ముందు "నేను ఇలా అనుకున్నాను, ఇదిగో ఇందుకు" అని చెప్పగలిగిన పిల్లకి మైకు ఒక లెక్కా? మీ అమ్మాయికి ధైర్యం వచ్చింది అక్కడే. ఆయన ఆ పిల్లకి కోడిని ఎలా పట్టించారు, మొదటిసారి వరస తప్పు చెప్పినప్పుడు ఏమన్నారు, చీకటి గదిలో లైటు ముందు గుడ్డు పట్టుకుని లోపలి గాలి గదిని ఎలా చూపించారు? ఆ గాలి గది లోతు అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే గుడ్డుకి అన్నిటికంటే మేలైన ఏఏ గ్రేడు దక్కదు. ఇంత సన్నని తేడాని పదేళ్ల పిల్ల కంటికి అలవాటు చేయాలంటే ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఇవాళ రాత్రి మీ అమ్మాయి పక్కన కూర్చుని ఇవన్నీ అడగండి. తను చెప్పిన మాటలే మీ స్పీచ్.

ఇక మీవారి మాట. ఆయన సంకోచం నాకు అర్థమైంది. అందులో మర్యాద కూడా ఉంది: మనది కాని బాధ గురించి మనం ఉపన్యాసం ఇవ్వకూడదు, నిజమే. కానీ తెలుసుకోకుండా ఉండటం వేరే సంగతి. పెద్దాయన గురువారం తాళం తీసే ఆ హాలు వెనక వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఇది నా మనసుకు దగ్గరి విషయం, కాస్త ఎక్కువే చెబుతాను.

అమెరికా వ్యవసాయ శాఖ మొట్టమొదటి నల్లజాతి ఎక్స్‌టెన్షన్ ఏజెంటుగా, అంటే ఊళ్లు తిరిగి రైతులకి నేర్పే ఉద్యోగిగా, థామస్ మన్రో క్యాంప్‌బెల్‌ని 1906 నవంబరులో నియమించింది. ఆయన పుట్టింది మీ జార్జియాలోనే, ఎల్బర్ట్ కౌంటీలో. పనిచేసింది అలబామాలోని టస్కీగీ అనే నల్లజాతి విద్యాసంస్థ నుంచి. అదే ఏడాది టస్కీగీ సంస్థ "జెసప్ వ్యాగన్" అనే బండిని ఊళ్ల మీదికి పంపింది. ఆ సంస్థని నడిపిన బుకర్ టి. వాషింగ్టన్, అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ల ఆలోచన అది. నాగళ్లు, విత్తనాలు, పాల పనికి కావలసిన సామాను వేసుకుని బండి రైతు గుమ్మంలోకే వెళ్లేది. పొలం వదిలి కాలేజీకి రాలేని మనిషికి కాలేజీయే ఎదురెళ్లింది.

1914లో స్మిత్-లీవర్ చట్టంతో ఎక్స్‌టెన్షన్ సేవ దేశమంతా వచ్చింది. దక్షిణాదిలో మాత్రం దాని డబ్బూ పెత్తనమూ తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాల చేతిలో ఉండేవి. నల్లజాతి ఏజెంట్లు తక్కువమంది, వాళ్లకి జీతాలు తక్కువ, ఆఫీసులు వేరు, పిల్లల క్లబ్బులు కూడా వేరు. అయినా వాళ్లు చేసిన పని చూడండి. జార్జియాలోని ఫోర్ట్ వ్యాలీలో ఓటిస్ ఓనీల్ అనే ఏజెంటు 1916లో "హ్యామ్ అండ్ ఎగ్ షో" మొదలుపెట్టారు. పత్తి మీద, అప్పు మీద బతికే కుటుంబాలు ఇంటి దగ్గర నాలుగు కోళ్లూ ఒక పందీ పెంచుకుని, మాంసం పాడవకుండా నిల్వ చేసుకుని, ఏడాది పొడుగునా కడుపునిండా తినాలని ఆయన తాపత్రయం. ఏటా రైతులు తాము తయారుచేసిన హ్యాములూ (నిల్వ చేసిన పంది తొడ మాంసం) గుడ్లూ తెచ్చి ప్రదర్శనకి పెట్టేవారు. ఆ షో దశాబ్దాలపాటు నడిచింది. మీ పెద్దాయన చేతిలో గుడ్డు ఊరికే లేదమ్మా.

పిల్లల క్యాంపుల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. జార్జియా 4-ఎచ్ వాళ్ల రాక్ ఈగిల్ కేంద్రం 1955లో తెరిచారు. పెద్ద చెరువు, అడవి, కాటేజీలు. నల్లజాతి పిల్లలకి అందులో ప్రవేశం లేదు. వాళ్ల కోసం లారెన్స్ కౌంటీలోని డబ్లిన్‌లో వేరే కేంద్రం కట్టి 1957లో తెరిచారు. దాని కోసం నడుం కట్టినవాడు అక్కడి నల్లజాతి ఏజెంటు ఎమరీ థామస్. 1957 నాటికి మీ పెద్దాయన పదేళ్లు దాటిన కుర్రాడు. బహుశా ఆ డబ్లిన్ క్యాంపుకే వెళ్లి ఉంటారు. అడగండి.

తర్వాత 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. వేరువేరు ఆఫీసులు, వేరువేరు క్లబ్బులు కుదరవన్నారు. మంచిదే. కానీ ఆ కలపడం ఎలా జరిగిందో చూడండి: చాలాచోట్ల తెల్ల ఏజెంటు కౌంటీ ఆఫీసుకి పెద్ద అయ్యాడు, ఇరవై ముప్ఫయ్యేళ్ల అనుభవం ఉన్న నల్లజాతి ఏజెంటు అతని కింద అసిస్టెంటు అయ్యాడు. అమెరికా పౌరహక్కుల కమిషన్ 1965లోనే ఈ సంగతి నివేదికలో రాసింది. నార్త్ కెరొలైనాలో నల్లజాతి ఏజెంట్ల జీతాల తేడా మీద వేసిన బేజ్‌మోర్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గానీ తేలలేదు. చట్టానికి ముందు నుంచి వస్తున్న తేడా అయినా సరే, తక్కువ ఇచ్చిన ప్రతి జీతమూ తప్పేనని న్యాయమూర్తులందరూ ఒక్క మాటగా చెప్పారు. అదే కేసులో 4-ఎచ్ క్లబ్బుల విషయానికి వచ్చేసరికి, ఎవరికి ఇష్టమైన క్లబ్బులో వాళ్లు చేరొచ్చు కాబట్టి ఇంకేమీ చేయనక్కర్లేదని ఒక్క ఓటు తేడాతో తీర్పిచ్చారు.

ఇలాంటి రోజుల్లో చాలా పల్లెల్లో నల్లజాతి పిల్లల్ని పట్టించుకున్నది ఎవరంటే చర్చి డీకన్లు, స్కూలు టీచర్లు, రిటైరైన ఏజెంట్లు, ఇదిగో, మీ పెద్దాయనలాంటి వాలంటీర్లు. జీతం లేదు, హోదా లేదు. ఒక గదీ ఒక తాళంచెవీ ఉంటే చాలు, క్లబ్బు నడిచేది. అలాంటి గదిలోకి ఒకరోజు మీ అమ్మాయి వెళ్తే ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎవరి పిల్లవని అడగలేదు. స్పీచ్‌లో ఈ ఒక్క ముక్క చెబితే మీవారు భయపడుతున్న సంగతి నలుగురికీ అందుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆయన గతం గురించి అంతకు మించి వేదిక మీద చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఆయన ఇష్టం. కొందరు పెద్దలు ఆ రోజుల గురించి పది మందిలో మాట్లాడటానికి ఇష్టపడరు. కొందరు ఎవరైనా అడుగుతారేమోనని ఏళ్లుగా ఎదురుచూస్తుంటారు. సన్మానానికి ముందే ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మాయిని తీసుకుని ఆయన ఇంటికి వెళ్లండి. అడిగి, ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. "మీకు ఎలా అనిపించింది" లాంటి ప్రశ్నలకి ఎవరైనా ముక్తసరిగానే జవాబిస్తారు. చిన్నప్పుడు మీ క్లబ్బు ఎవరు నడిపేవారు, ఎక్కడ కూర్చునేవారు, క్యాంపుకి దేనిలో వెళ్లారు, వెంట ఏం తీసుకెళ్లారు, మీ మొదటి ప్రాజెక్టు ఏమిటి? ఇలా అడగండి. "పిగ్ చెయిన్" ఉండేదా అని కూడా అడగండి. ఆ రోజుల్లో క్లబ్బు ఒక పిల్లవాడికి ఆడ పందిపిల్లని ఇచ్చేది. అది ఈనాక ఒకటో రెండో పిల్లల్ని వాడు క్లబ్బుకి తిరిగివ్వాలి, అవి ఇంకో పిల్లవాడికి వెళ్తాయి. డబ్బు చేతులు మారకుండా ఊరంతా పందులు పెరిగేవి. ఈ మాట ఎత్తితే ముసలాయన మొహం వెలుగుతుందని నా నమ్మకం.

పాత ఫొటోలు ఉంటే ఒక్కొక్కటీ తీసి, ఎవరెవరో ఆయన చేత చెప్పించుకుని, వెనక మెత్తని పెన్సిల్‌తో పేర్లు రాయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం చేయొద్దు. నల్లజాతి క్లబ్బుల రికార్డులు చాలాచోట్ల విలీనం రోజుల్లో చెల్లాచెదురయ్యాయి. ఆ మొహాలకి పేర్లు ఆయన జ్ఞాపకంలోనే ఉండి ఉంటాయి. ఆ రికార్డింగు కాపీ ఒకటి ఆయన కుటుంబానికి, ఒకటి కౌంటీ లైబ్రరీకి ఇవ్వండి. ఫోర్ట్ వ్యాలీ స్టేట్ యూనివర్సిటీని కూడా అడగండి. వ్యవసాయ విద్య కోసం చేసిన 1890 చట్టం కిందికి వచ్చే నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో జార్జియాది అదే, అక్కడి వాళ్లకి దీని విలువ తెలుసు.

ఒక మర్యాద సంగతి. మొమెంటో మీద గానీ, స్పీచ్‌లో గానీ ఆయన పేరుకి ముందు "మిస్టర్" తప్పకుండా ఉండాలి, ఇంటిపేరుతో సహా, స్పెల్లింగు తప్పు లేకుండా. అమెరికాలో అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుచుకుంటారు కదా అనుకోవద్దు. ఆయన పెరిగిన రోజుల్లో దక్షిణాది తెల్లవాళ్లు ఎంత వయసొచ్చిన నల్లజాతి మనిషినైనా పేరు పెట్టి పిలిచేవారే తప్ప "మిస్టర్" అనేవారు కాదు. అంటే నేరం చేసినట్టు చూసేవారు. ఆయన తరం వాళ్లు ఇది మర్చిపోరు.

శాలువా కప్పండి, తప్పేమీ లేదు. మన పెద్దల్ని ఎలా గౌరవిస్తామో అలాగే చేస్తున్నామని ఒక్క వాక్యంలో చెప్పి కప్పండి. కార్యక్రమంలో ఎప్పుడు వీలవుతుందో ముందే పాస్టరుగారిని అడగండి. మొమెంటోకి మాత్రం నా ఓటు లేదు. ఆయన గోడ మీద అవి ఇప్పటికే చాలా ఉండి ఉంటాయి. నాలుగు కుటుంబాలు వేసుకునే ఆ డాలర్లతో మీ కౌంటీ పిల్లలు ఒకరిద్దరిని ఆయన పేరు మీద వేసవి క్యాంపుకి పంపండి, ఈ ఏడాది, వచ్చే ఏడాది, ఆ పై ఏడాది. అందుకు డబ్బు ఎలా కట్టాలో కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చెబుతారు. జార్జియా 4-ఎచ్ ఫౌండేషన్ విరాళాలు తీసుకుంటుంది. ఒకప్పుడు ఆయన అడుగుపెట్టలేని రాక్ ఈగిల్‌కి ఆయన పేరు మీద ఒక పిల్లో పిల్లవాడో వెళ్తే, అది ఆయనకి కట్టిన పాత అప్పులో ఒక వాయిదా. కౌంటీ కమిషన్ చేత ఒక తీర్మానం చేయించమని కూడా నిర్వాహకులకి చెప్పండి. అది కౌంటీ రికార్డుల్లో ఉండిపోతుంది.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. వచ్చే నెల తర్వాత గురువారం సాయంత్రం ఆ హాలు ఎవరు తీస్తారు? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, దాని గురించి ఒక్క మాట లేదు. బహుశా ఎవరూ అనుకోలేదేమో. నేను చూసిన క్లబ్బుల్లో నడిపించే మనిషి తప్పుకోగానే ఘనంగా సన్మానం జరిగేది, కొన్నాళ్లకి పిల్లలు రావడం మానేసేవారు. సన్మానానికి వచ్చినవాళ్లలో క్లబ్బు తీసుకోవాలని తోచినవాళ్లే ఉండేవారు కాదు. ఆయనకి దానికంటే పెద్ద దుఃఖం ఉండదు.

మీరు తీసుకోండి. మీరూ మీవారూ. మాకు కోళ్ల గురించి ఏం తెలుసంటారేమో. పాఠాలు, పుస్తకాలు, శిక్షణ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఇస్తుంది. వాలంటీర్లకి దరఖాస్తు, నేపథ్య తనిఖీ, శిక్షణ ఉంటాయి. కాస్త సమయం పడుతుంది కాబట్టి ఈ వారమే ఆఫీసుకి ఫోన్ చేయండి. పాత విద్యార్థుల్లో ఒకరిద్దరిని కూడా కలుపుకోండి. వాళ్లే ముందుండాలి, మీరు పక్కన ఉండాలి, ఎందుకంటే అది వాళ్ల చర్చి, వాళ్ల ఇల్లు. తలుపు తీయడం, కుర్చీలు వేయడం, హాజరు రాయడం, పిల్లల రికార్డు పుస్తకాలు చూడటం, పోటీకి వ్యాన్‌లో తీసుకెళ్లడం — ఇది మీరు చేయగలరు. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కోడి ఎలా పట్టుకోవాలో చెప్పమనండి. ఆయన మోకాళ్లు నొప్పెడుతున్నాయి గానీ నోరూ చేతులూ బాగానే ఉన్నాయిగా!

ఈ సంగతి స్టేజి మీద ప్రకటించి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు. ఆదివారం ఇంటికి వెళ్తారు కదా, అప్పుడే అడగండి, "మీరు ఒప్పుకుంటే మేం నేర్చుకుంటాం" అని. మీవారు మందుల కొట్టులో ఉంటారు కాబట్టి ఊళ్లో ప్రతి కుటుంబమూ ఆయనకి తెలుసు. కొత్త పిల్లల్ని చేర్పించే పని ఆయనకి అప్పజెప్పండి.

ప్రశ్న: మేడమ్, మా పక్కింటి ఆఫ్రికన్ అమెరికన్ మామ్మగారి భర్త ఈమధ్యే పోయారు. సామాను సర్దుతుంటే నల్ల కార్డురాయ్ జాకెట్ ఒకటి దొరికింది, దాని మీద బంగారు రంగు దారంతో ఎన్‌ఎఫ్‌ఏ అని, పత్తికాయ బొమ్మ ఉన్న ముద్ర ఉన్నాయి. ఆమె పాత బట్టలతో పాటు ఇచ్చేయబోతుంటే ఆపాను. ఇదేమిటి?
— ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: బాబూ, మీరు ఆపి చాలా మంచి పని చేశారు. ఎన్‌ఎఫ్‌ఏ అంటే న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా. హైస్కూల్లో వ్యవసాయం చదివే నల్లజాతి కుర్రాళ్ల సంఘం. 1927లో వర్జీనియాలో మొదలై, 1935లో టస్కీగీలో జాతీయ సంఘంగా ఏర్పడింది. తెల్ల కుర్రాళ్ల సంఘం ఎఫ్‌ఎఫ్‌ఏ (ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా) ముద్రలో మొక్కజొన్న ఉంటే, వీళ్ల ముద్రలో పత్తికాయ. ఫోర్ట్ వ్యాలీ దగ్గర క్యాంప్ జాన్ హోప్ వీళ్ల కోసం కట్టిందే. 1965లో ఎన్‌ఎఫ్‌ఏని ఎఫ్‌ఎఫ్‌ఏలో కలిపేశారు. అప్పటికి సభ్యులు 50 వేలకు పైగా ఉన్నారు. పేరు, జెండా, ముద్ర, ఈ నల్ల జాకెట్ — ఏవీ కొత్త సంఘంలోకి రాలేదు. కుర్రాళ్లు నీలం జాకెట్ వేసుకున్నారు. అందుకే ఇలాంటిది దొరకడం అరుదు.

అది మామ్మగారిది, ఏం చేయాలో ఆవిడే చెప్పాలి. మీరు సంగతి చెప్పండి చాలు, అమ్మమనొద్దు. ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొద్దు, ఇనుప తీగ హ్యాంగరుకి తగిలించొద్దు. యాసిడ్ లేని పల్చటి కాగితం మడతల మధ్య పెట్టి, అట్టపెట్టెలో పరిచి ఉంచండి. ఎండా తేమా తగలకూడదు. ఛాతీ మీద ఆయన పేరూ చాప్టరు (స్థానిక శాఖ) పేరూ కుట్టి ఉంటే ఫొటో తీయండి. ఆయన ఏ స్కూల్లో చదివారు, ఏ సంవత్సరం, వ్యవసాయం టీచరు ఎవరు, ఏం పెంచారు అన్నవి ఆవిడ చెప్పగా రాసి ఆ కాగితాన్ని జాకెట్‌తో పాటే ఉంచండి. మనవలకి వద్దనుకుంటే ఫోర్ట్ వ్యాలీ స్టేట్ లైబ్రరీకి ఉత్తరం రాయండి, జాకెట్ మాత్రం వాళ్లు జవాబిచ్చాకే ఇవ్వండి.